ఎనిమిదో పిన్ను దగ్గర కాపలా

నా పేరు టైమర్ 1. ఊనో బోర్డు మీద 28 కాళ్లతో నల్లగా కూర్చునే ఏటీమెగా328పీ చిప్పు మా ఇల్లు. ముగ్గురం అన్నదమ్ములం. పెద్దవాడికీ చిన్నవాడికీ 255 దాటి లెక్క రాదు. నాకు 65535 దాకా వచ్చు, ఆ తర్వాత మళ్లీ సున్నా. పెద్దవాడు మిల్లీసెకన్లు లెక్కపెడుతూ తల ఎత్తడు. పాలిటెక్నిక్ ల్యాబులో నాకు దొరికింది సర్వో మోటార్ల చాకిరీ. రెండేళ్లు కొమ్ములాంటి ఆ ప్లాస్టిక్ ముక్కలు తిప్పీ తిప్పీ విసుగెత్తింది.

మూడో ఏడు ఒకమ్మాయి వచ్చి, గోడ సాకెట్లోని కరెంటు ఫ్రీక్వెన్సీ కొలుస్తానంది. మన దేశంలో అది 49.90, 50.05 హెర్ట్జ్‌ల మధ్య ఉండాలి. వాడకం ఉత్పత్తిని మించితే జనరేటర్లు నెమ్మదిస్తాయి, అంకె దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌తో 230 వోల్టులు తగ్గించి, అలను చదరంగా చెక్కి నా దగ్గరికి పంపింది.

మొదట అందరూ చేసేదే చేసింది. ఒక సెకను తలుపు తీసి ఎన్ని పల్సులొచ్చాయో చూడమంది. 50 అన్నాను. మళ్లీ 50. ఒకసారి 49. నా తప్పేముంది? సగం పల్సును లెక్కపెట్టలేను కదా. మెగాహెర్ట్జ్ సిగ్నల్ అయితే ఈ పద్ధతి బంగారం, యాభైకి పనికిరాదు.

అప్పుడు ఎనిమిదో పిన్ను దగ్గర కాపలా పెట్టింది. ఇన్‌పుట్ క్యాప్చర్ అంటారు. అంచు లేచిన క్షణాన నా అంకె ఎంతుందో ఐసీఆర్1 రిజిస్టర్లో అచ్చు పడిపోతుంది. ప్రాసెసర్ దొర వేరే పని ముగించుకుని తీరిగ్గా వచ్చి చదివినా, తర్వాతి అంచు వచ్చేదాకా ఆ అచ్చు చెరగదు. నాలో నాకు నచ్చేది ఇదొక్కటే. 16 మెగాహెర్ట్జ్‌ను ప్రీస్కేలర్ ఎనిమిదితో భాగిస్తే నాకు సెకనుకు 20 లక్షల అడుగులు. అంటే 50 హెర్ట్జ్ అల ఒక్కటి దాటేసరికి 40000 అడుగులు. అడుగు తేడా వస్తే హెర్ట్జ్‌లో వెయ్యో వంతు మారుతుంది.

తెర మీద మాత్రం -78 అని పడింది.

"సార్, మైనస్ డెబ్బై ఎనిమిది హెర్ట్జ్ అంటోంది!"

"కరెంటు వెనక్కి పోతోందేమో చూడమ్మా" అన్నారు సారు, టీ గ్లాసు దించకుండానే.

ప్రోగ్రామ్‌లో 40000ను తీసుకెళ్లి ఇంట్ రకం వేరియబుల్‌లో పెట్టింది. అందులో 32767కు మించి పట్టదు. పొంగి -25536 అయింది, 20 లక్షలను దాంతో భాగిస్తే ఇంకేమొస్తుంది! అన్‌సైన్డ్ అన్న ఒక్క మాట చేర్చాక దారికొచ్చింది. మధ్యలో నేను సున్నాకు తిరిగినా తీసివేత సరిపోతుంది. 60000 దగ్గర ఒక అచ్చు, 34464 దగ్గర ఇంకోటి పడితే తేడా అదే 40000.

ఇప్పుడు 50.15 వచ్చింది. ఫోన్‌లో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ చూస్తే 50.00. దిల్లీ సాకెట్టూ మా సాకెట్టూ ఒకే అంకె చెప్పాలి. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది మరి. ఆ పూటంతా నన్నే అనుమానించారు. నా లెక్క తప్పలేదు, నాడే తేడా. యూఎస్‌బీ చూసుకునే పక్క చిప్పుకు క్రిస్టల్ ఉంది, నాకున్నది సిరామిక్ రెజొనేటర్. నూటికి అర వంతు అటూఇటూ అయినా దానికి చెల్లు. ఎల్‌ఈడీలు వెలిగించడానికి అదే ఎక్కువ. కానీ 50లో అర వంతంటే పావు హెర్ట్జ్, గ్రిడ్‌కిచ్చిన హద్దు కంటే పెద్దది.

అమ్మాయి జీపీఎస్ మాడ్యూల్ తెచ్చి, యాంటెనా కిటికీలో పెట్టి, దాని సెకను పల్సును నా పిన్నుకే కలిపింది. 20 లక్షలు రావాలి. ముప్పై చుట్లు తిరిగి, పైన 27920 వేశాను. మొత్తం 19,94,000. అంటే ఇన్నాళ్లూ నా సెకను ఆరు వేల అడుగులు తక్కువ! ఆ అంకెనే కొత్త భాజ్యంగా రాసుకుని మళ్లీ గోడ సాకెట్టుకు మార్చింది. 39904 అన్నాను. తెర మీద 49.97. ఫోన్‌లోనూ 49.97. సారు గ్లాసు దించారు.

అంతలో ఫ్యాను ఆగింది. బోర్డుకు ల్యాప్‌టాప్ తిండి పెడుతోంది కాబట్టి నేను బతికే ఉన్నాను. 65535, సున్నా. 65535, సున్నా. ఎనిమిదో పిన్ను మీద అంచు రాలేదు. తెర మీద ఇంకా 49.97 అనే ఉంది. అమ్మాయి దాన్నే చూస్తూ, కరెంటు పోయిందని తెలియడానికేం రాయాలి సార్ అని చీకట్లో అడుగుతోంది.