హాజరు పట్టీలో బోరు బండి

రాత్రి తొమ్మిదీ ఇరవైకి వచ్చింది. పొద్దున ఆరున్నరకు పోయింది. మొత్తం తొమ్మిది గంటల పది నిమిషాలు.

మొన్న తొమ్మిదిన్నర గంటలు. అటు మొన్న తొమ్మిది గంటల యాభై నిమిషాలు. ఆ పూట నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంకొక్క పది నిమిషాలు ఆగి ఉంటే కేసు నా గుప్పిట్లో ఉండేది. పాడు టీ కొట్టువాడు ఆ రోజే తొందరగా పొయ్యి వెలిగించాడు.

ఇదంతా దేని గురించో వీధిలో ఇల్లున్న వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒకరి గుమ్మం ముందు ట్రావెల్స్ బస్సు ఉంటుంది, ఒకరికి ట్రాక్టరు ట్రాలీ, ఇంకొకరికి జేసీబీ. ఎవరి ప్రాప్తం వాళ్లది. నాకు దక్కింది బోరు బండి.

పది చక్రాల లారీ మీద ఇనుప ధ్వజస్తంభాన్ని పడుకోబెట్టినట్టుంటుందది. పని చేసేటప్పుడు ఆకాశంలోకి లేచే ఆ స్తంభం, పడుకున్నప్పుడు డ్రైవరు నెత్తి దాటి ముందుకు పొడుచుకొచ్చి, మా మేడమీది వరండా గ్రిల్లుకు సరిగ్గా మూరెడు దూరంలో ఆగుతుంది. దాని కొసన ఒక ఎర్ర గుడ్డ, ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు. ఎవరి దిష్టి తగలకూడదని కట్టారో ఆలోచించాను. తెల్లారి లేవగానే దాని మొహం చూసేది నేనొక్కణ్ణే.

దాని కడుపులోంచి రాత్రంతా నల్లటి నూనె ఒక్కొక్క చుక్కే కారుతుంది, మా ఆవిడ ముగ్గేసే చోటే. పదిరోజులు రుద్ది రుద్ది విసిగిపోయి, ఇప్పుడామె రాజీ పడింది. చుక్కలు దానివి, గీతలు ఈమెవి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మామూలు లారీ వెడల్పు 2.6 మీటర్లు మించకూడదు. అంటే ఎనిమిదిన్నర అడుగులు. మా వీధి పదహారు అడుగులు, నేనే టేపు పట్టి కొలిచాను. మిగిలిన ఏడున్నరలో మురుగుకాలువ రెండడుగులు, ఎదురింటివాళ్ల మెట్లు మూడడుగులు. చివరికి తేలిన రెండున్నర అడుగుల్లోంచే పాలవాడు, బడి పిల్లలు, గ్యాస్ సిలిండరు, ఆడికృత్తికకు కావడి మోసుకొచ్చే భక్తులు, అందరూ పోవాలి. కావడి రెండున్నర అడుగుల్లో పట్టదు. అందుకని ఇక మా వీధిలో కావడిని నిలువుగా పట్టుకుని, తాము అడ్డంగా నడిచి పోవాలి.

నేను ఊరికే కూర్చునే రకం కాదు, చట్టం చదివాను. ఇంటి ద్వారానికి అడ్డంగా బండి నిలపరాదని రోడ్డు నియమాల్లో 1989 నుంచీ ఉంది. కాకపోతే అది చదివి వినిపిస్తే డ్రైవరు బండిని నాలుగడుగులు వెనక్కి జరిపాడు. ఇప్పుడు ద్వారానికి అడ్డం లేదు, కిటికీకే అడ్డం. కిటికీ గురించి చట్టంలో ఏమీ లేదు.

ఇక మిగిలింది 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్. బహిరంగ స్థలంలో ఏ బండినైనా పది గంటలో, అంతకన్నా ఎక్కువో పట్టించుకునేవాళ్లు లేకుండా వదిలేస్తే, యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి దాన్ని ఈడ్పించేయవచ్చు, లేదా చక్రానికి సంకెల వేయించవచ్చు. ఈ సెక్షన్ చదివిన రాత్రి నేను సుఖంగా నిద్రపోయాను. అదే ఆఖరు. మర్నాటి నుంచి గడియారం, నోటుబుక్కు, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని వరండాలో నా కాపలా మొదలైంది. పది గంటలని రుజువు చేయాలంటే ఆ పది గంటలూ ఎవరో ఒకరు మేలుకోవాలని చట్టం రాసినవాళ్లు ఎక్కడా రాయలేదు.

పనిరోజున ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పది దాటింది. ఏదో గొట్టం పగిలి బండి కదల్లేదు. పది గంటల అయిదు నిమిషాలు! మా వీధి చివర కాపురముంటున్న పోలీసాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన లుంగీ కట్టుకుని వేపపుల్ల నములుతున్నాడు. సెక్షన్ విన్నాడు. తలూపాడు. 'యూనిఫారంలో అని రాసుంది గదా సార్, ఉండండి, స్నానం చేసుకోని వచ్చేస్తా' అన్నాడు. ఆయన స్నానం అయ్యేలోపు గొట్టం బాగైంది.

పైగా ఇంకో తిరకాసుంది. బండి కింద ఇద్దరు ఛత్తీస్‌గఢ్ కుర్రాళ్లు టార్పాలిన్ పరుచుకుని పడుకుంటారు. కాబట్టి దాన్ని పట్టించుకునేవాళ్లు లేరనడానికీ లేదు. వాళ్లు దాన్ని పట్టించుకుంటారు. నన్ను పట్టించుకునేవాళ్లే లేరు.

జపాన్‌లో 1962లోనే చట్టం చేశారట. కారు కొనాలంటే ముందు అది పెట్టుకోవడానికి చోటుందని పోలీసులకు కాగితం చూపాలి. డాలస్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు చెప్పడం, వాళ్ల కాలనీలో ఇంటిముందు పడవగానీ, పెద్ద వ్యానుగానీ రెండ్రోజులు కనిపిస్తే సంఘంవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వస్తుందట. 'చెత్తడబ్బా లోపల పెట్టకపోయినా వస్తుంది పెదనాన్నా' అన్నాడు. వాడు అది కష్టంగా చెప్పుకున్నాడు. నేను లొట్టలేసుకుంటూ విన్నాను. మన తమిళనాడులోనూ 2019 భవన నిబంధనలున్నాయి. ఇల్లు కట్టుకునేవాడు కారుకూ స్కూటరుకూ ఎంత చోటు వదలాలో అవి చెబుతాయి. బోరు బండి కొన్నవాడి దాకా ఆ ఊహ పోయినట్టు లేదు.

సరే, అర్జీ పెడదామనుకున్నాను. కాగితం తీశాను, కలం తీశాను. ఏ భాషలో రాయాలి?

మీకిది చిన్న సంగతిగా కనిపించవచ్చు. తిరుత్తణిలో చిన్న సంగతి కాదు. మా ఇల్లు మా తాత కట్టింది. కట్టినప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. తర్వాత సరిహద్దు తేల్చడానికి పటాస్కర్ గారొచ్చి గీత గీశారు. దాంతో 1960 ఏప్రిల్ ఒకటో తేదీన, ఆ తేదీ ఎవరు ఎంచారోగానీ, మళ్లీ మద్రాసుకు వచ్చింది. 1969లో తమిళనాడైంది. జిల్లాల లెక్క వేరే ఉంది, చిత్తూరు, చెంగల్పట్టు, 1997 నుంచి తిరువళ్లూరు. ఒక్క అంగుళం జరక్కుండా ఇల్లు ఇంత దేశం తిరిగింది. పది చక్రాలున్న బండి మాత్రం కదలదు.

ఆ రోజుల్లో తమిళుల తరఫున మా.పొ.శి. గారు ఇటు నుంచి లాగారు, మనవాళ్లు అటు నుంచి లాగారు. ఆఖరికి తిరుపతి అటు, తిరుత్తణి ఇటు. సత్యవేడు వైపు పల్లెలు ఇక్కణ్ణుంచి అక్కడికి. కాస్త ఆలోచిస్తే ఇది రెండు రాష్ట్రాల పంపకం కాదు, ఒకే ఇంట్లో పంపకం. కొండమీది సుబ్రహ్మణ్యస్వామికి ఏడుకొండలవాడు సాక్షాత్తూ మేనమామ, పార్వతమ్మకు అన్న. అరవవాళ్ల లెక్కలో మామగారు కూడానూ. మేనమామనూ మేనల్లుణ్ణీ విడదీసి మధ్యలో చెక్‌పోస్టు పెట్టిన ఘనత మనదే. పటాస్కర్ గారి కలం ఇంకాస్త వణికి, గీత మా గుమ్మానికీ బండికీ మధ్యలోంచి పోయుంటే ఎంత బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. అప్పుడు బండి ఇంకో రాష్ట్రంలో ఉండేది, నాకు కోపం తెచ్చుకునే అధికారమే ఉండేది కాదు, హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఇంతకీ భాష. తెలుగులో రాస్తే చదివేవాళ్లు లేరు. తమిళంలో రాస్తే నా తమిళానికి అరసున్నాలు ఎక్కువ. ఇంగ్లీషులో రాద్దామంటే, ఈ ఊళ్లో పుట్టి ఇంగ్లీషులో రాసి నెగ్గుకొచ్చినవాడు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఒక్కడే. ఆయన్ని దేశానికి రాష్ట్రపతిని చేశారు. మా వీధిలోనే ఉండిపోయి ఉంటే ఆయన అర్జీ కూడా నా అర్జీ ఉన్న బొత్తిలోనే ఉండేది. మూడు భాషల్లోనూ రాసి పట్టుకెళ్లాను. బల్ల వెనకాలాయన మూడూ పక్కన పెట్టి, బండి నంబరు చూసి, 'ఇది ఆంధ్రా బండి గదా' అన్నాడు. నిజమే, ఏపీ నంబరే. నగరి చిరునామా. అరవై ఏళ్ల కిందట పెద్దలు తెంచేసిన గొడవను ఈ బండి రోజూ సాయంత్రం మోసుకొచ్చి మా గుమ్మంలో దించుతోందన్నమాట.

ఓనరు ఎవరో అప్పుడు ఆరా తీశాను. తీసి ఉండకూడదు. వాడు నా పాత విద్యార్థి. మూడో సందులో ఇల్లు. ఆ సందులోకి బండి పట్టదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా వాడు నా క్లాసులో కూర్చున్నాడు, ఇప్పుడు వాడి బండి నా కిటికీ ముందు నిలబడుతోంది. మర్యాదగా చేతులు కట్టుకుని వచ్చాడు.

'తప్పుగా అనుకోవద్దండి అయ్యోరా. యాడ పెట్టినా డీజిలు పీకతా ఉండారు. మీ ఇంటి ముందరైతే మీరు రేత్రంతా లైటేసుకోని మేలుకోనే ఉంటారు గదా. ఈ పదైదు దినాల్లో ఒక్క బొట్టు పోలా. మీ పున్నెం.'

నేనేం మాట్లాడను? చట్టాన్ని నమ్ముకుని జీతంలేని కాపలావాణ్ణయ్యాను. పోతూ పోతూ ఒక పనసకాయ అరుగు మీద పెట్టి పోయాడు. అంతటితో మా ఆవిడ కూడా వాళ్ల పార్టీలో చేరింది. వేసవికి ఈ ఊరి పేరు రేడియోలో ఎందుకొస్తుందో తెలుసుగా, ఇనుము పట్టుకుంటే చెయ్యి ఊడొస్తుంది. ఓ ఆదివారం బండికి సెలవు. నేను గంటలు లెక్కపెట్టుకుంటూ వరండాలోకి వచ్చేసరికి, దాని వెనక బల్లమీద తెల్ల పంచె పరిచి ఉంది. పంచె నిండా మా ఇంటి గుమ్మడి వడియాలు. పంచె కూడా నాదే.

'ఇంకో గంటలో పది దాటుతుంది, దాన్ని ఈడ్పించేస్తాను' అన్నాను.

'వడియాలు ఎండనివ్వండి' అంది.

నోటుబుక్కు అన్నాను గానీ, అది నోటుబుక్కు కాదు, హాజరు పట్టీ. రిటైరైనప్పుడు బడిలో మిగిలిపోయినవి రెండు తెచ్చుకున్నాను. ఎవరూ వద్దనలేదు, వాటితో ఎవరికీ పని లేదు. నేను తెలుగు చెప్పేవాణ్ణి. చేరినప్పుడు నా క్లాసులో నలభై రెండు మంది, పేర్లు రెండో పేజీకి పోయేవి. 2006లో తమిళ అభ్యాస చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి పైకెక్కుతూ వచ్చింది. పైనుంచి మేం, కింద నుంచి అది. పిల్లల తల్లిదండ్రులను తప్పు పట్టలేను, బతుకు ఇక్కడ, పరీక్ష ఇక్కడ. ఆఖరి ఏడాది నా క్లాసులో నలుగురు. నలుగురికి హాజరు వేయడమంటే పిలవడం కాదు, పలకరించడమే. అయినా పుస్తకం తెరిచి, పేర్లు చదివి, 'ఉన్నానయ్యోరా' అనిపించుకుని, గడిలో గీత పెట్టేవాణ్ణి. అందులో ఒకమ్మాయి పళ్లిపట్టు బస్సులో రావాలి. బస్సు ఎప్పుడూ ఆలస్యమే. ఆ అమ్మాయి గడిలో ఎర్ర సున్నా పెట్టకుండా కలం మూత తీసుకుని అలాగే కూర్చునేవాణ్ణి. ముగ్గురూ కూడా ఏమీ అడక్కుండా కూర్చునేవారు.

ఆ పట్టీలోనే ఇప్పుడు మొదటి వరసలో 'బోరు బండి' అని రాసుకున్నాను. కింద ముప్పై తొమ్మిది వరసలు ఖాళీ.

మొన్న మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర అయింది. పది అయింది. రాలేదు. మదనపల్లె వైపు ఎక్కడో వెయ్యి అడుగులు వేసినా నీళ్లు పడలేదని, అక్కడే ఆగిపోయారని ఎదురింటాయన చెప్పాడు. వీధి పదహారు అడుగులూ వీధిగానే ఉంది. పడుకోవచ్చు. ఎర్ర కలం తీశాను గానీ సున్నా పెట్టలేదు, ఫ్లాస్కులో కాఫీ ఉంది కదా అని కూర్చున్నాను.

రెండు రోజుల తర్వాత వచ్చింది. ఒంటరిగా రాలేదు. రాడ్లు మోసే లారీ ఇంతకాలం నగరిలో ఎక్కడో పెట్టేవాళ్లట, అక్కడ డీజిలు పోయిందట. రెండూ ఒకదాని వెనక ఒకటి మా గోడ పొడవునా నిలిచాయి. రెండో కిటికీ కూడా మూసుకుపోయింది.

లోపలికెళ్లి పట్టీ తెచ్చాను. రెండో వరసలో పేరు రాసుకున్నాను.