ప్యాకింగు సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: సరుకును కప్పునది ప్యాకింగు. సరుకుతో పారవేయబడునదియు అదియే. సరుకుతో బ్రతుకునది కాదు.

అవతారిక: ఐరోపా సమాఖ్యవారి 2025/40 సంఖ్య గల రెగ్యులేషను 2025 ఫిబ్రవరి 11న అమలులోనికి వచ్చినది, వర్తించుట 2026 ఆగస్టు 12 నుండి. నడుమ పదునెనిమిది నెలల గడువు వ్యాపారుల మీది దయచేతనని కొందరందురు. ప్యాకింగనగా నేమో తేల్చుకొనుటకే యని మా అభిప్రాయము. 1994 నాటి డైరెక్టివును ఏ దేశమునకా దేశము తన చట్టముగా మలచుకొనెడిది. రెగ్యులేషను అట్లు కాదు, ఇరువదియేడు దేశములకు నేరుగా తగులును.

టీక: సరుకును కప్పునది = అట్టపెట్టె, సీసా, డబ్బా మొదలగునవి (సులభము, ముందుకు పోదము). సరుకుతో పారవేయబడునది = టీ బ్యాగు. తాగువాని కడుపులోనికి రసమే పోవును. ఆకును సంచియు కలిసి చెత్తబుట్ట చేరును. పాత డైరెక్టివు మతమున ఇది ప్యాకింగు కాదు, కొత్త మతమున ఔను. బ్యాగు మాత్రము మారలేదు. సరుకుతో బ్రతుకునది = పూలకుండీ. మొక్కను అమ్మి మోయుటకే ఉద్దేశించిన కుండీ ప్యాకింగు, మొక్కకు కడదాక తోడుండునది కుండీ. చొక్కాతో వచ్చిన హ్యాంగరు ప్యాకింగు, విడిగా కొన్న హ్యాంగరు సరుకు.

శంక: జున్ను మీది మైనపు పూతను ఎవరును తినరు, ఒలిచి పారవేయుదురు. అది ప్యాకింగు కాదా?

సమాధానము: కాదు. రెగ్యులేషనులోని "కావు" అను పట్టికలో దాని పేరున్నది. ఇచ్చట తర్కము చెల్లదు, పట్టికయే ప్రమాణము.

శూన్యవిచారము: ఆన్‌లైను సరుకుల పెట్టెలోను, రవాణా పెట్టెలోను ఖాళీ 50 శాతము మించరాదు. ఎప్పటి నుండి? 2030 జనవరి 1 నుండి, లేదా లెక్కకట్టు పద్ధతి చెప్పు చట్టము వచ్చిన మూడేండ్లకు, ఏది వెనుకైన నది. వ్యాపారి "ఖాళీ ఎక్కడిది? గాలిబుడగల ప్లాస్టికు, కాగితపు ముక్కలు, నురుగు కుక్కితిని గదా" యనును. శాస్త్రము వాటినన్నిటిని ఖాళీగానే గణించినది. దేనితో నింపిన శూన్యము పెరుగునో అదియే కుక్కుడు. నాగార్జునాచార్యుడు శూన్యమునకు శాతము చెప్పలేదు; బ్రస్సెల్సు చెప్పినది. ఈ యొక్క నియమమునకు మాత్రము మేము మనసారా మ్రొక్కుదుము. లిప్‌స్టికుకు చెప్పులపెట్టె యేల?

మనకేమి పని యందురా? భీమవరము రొయ్య ఐరోపాకు పోవునప్పుడు దాని పెట్టెయు పోవును. ఆహారమును తాకు ప్యాకింగులో పీఎఫ్‌ఏఎస్ రసాయనములకు 2026 ఆగస్టు 12 నుండియే హద్దు. రొయ్యను తిని మరతురు, పెట్టెకు కాగితములు అడుగుదురు.

తాత్పర్యము: టీ తాగిన పిమ్మట బ్యాగును నిస్సందేహముగా పారవేయుము. కుండీని పారవేయుటకు ముందు అమ్మినవాని ఉద్దేశమును కనుగొనుము.

ప్రామాణ్యవిచారము: హోటలు గదిలోని చిట్టి షాంపూ సీసా వంటివి 2030 నుండి నిషిద్ధములు. ఆ నిషేధముల పట్టికను ఉదాహరణలతో వివరించు మార్గదర్శకములను 2027 ఫిబ్రవరి 12లోగా ప్రకటించవలెనని రెగ్యులేషను మూలమే ఐరోపా కమిషనును ఆజ్ఞాపించినది. భాష్యకారుని తేదీతో సహా మూలకర్తయే నియమించుట మన శాస్త్రములలో మే మెరుగము. ఆ భాష్యమునకైనను కట్టుబాటు లేదు. కడపటి మాట లక్సెంబర్గులోని ఐరోపా సమాఖ్య న్యాయస్థానముది. ఆ తీర్పులకు టీక వ్రాయు పని మా శిష్యులకు అప్పగించితిమి.