తక్కెడ పట్టిన తల్లికి

తల్లీ, మాదకద్రవ్యాల చట్టమా! 1985లో పుట్టి నలభై ఏళ్లు దాటాయి. కోర్టుల్లో నీ పేరు చెబితే బెయిలు అడగడానికే జంకుతారు. నిన్ను పొగడడానికి వచ్చాను. నేను పలికే ప్రతి పొగడ్తా నిజం. ఆ నిజమే నాకు బాధ.

ముందు నీ కంటిచూపును పొగడాలి. అల్ప్రాజోలం 5 గ్రాముల దాకా చిన్న మోతాదంటావు, 100 గ్రాములు దాటితే వ్యాపార మోతాదంటావు. మెఫెడ్రోన్‌కైతే నీ గీతలు 2 గ్రాముల దగ్గర, 50 గ్రాముల దగ్గర. వ్యాపార గీత దాటినవాడికి పదేళ్లకు తగ్గని జైలు. పొట్లంలో ఉన్నంతసేపూ ఆ పొడిలో ఒక్క రేణువును కూడా నువ్వు వదలవు. పొట్లం కట్టేటప్పుడు గచ్చు మీద రాలినదానికి మాత్రం నీ తక్కెడలో బరువు లేదు.

నీ శ్రద్ధ ఇంకా గొప్పది. పట్టుబడ్డ సరుకుకు జాబితా రాయిస్తావు, ఫొటోలు తీయిస్తావు, మేజిస్ట్రేటు ఎదుట జంట నమూనాలు తీయించి సీలు వేయిస్తావు. తల్లి బిడ్డకు దిష్టి తీసినంత జాగ్రత్తగా ఆ సంచిని చూసుకుంటావు. 2022లో వచ్చిన నీ నిబంధనలు చదువుతుంటే చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది. ఆ సరుకును తగలబెట్టాలన్నా ఎక్కడపడితే అక్కడ కుదరదు. గాలిని శుభ్రపరిచే పరికరాలున్న కొలిమిలో, ఉద్గారాల ప్రమాణాలకు లోబడి కాల్చాలి. మత్తుమందు కాలేటప్పుడు వచ్చే పొగ కూడా ఊపిరికి చేటని నువ్వు ఎరుగుదువు. మరి అదే మందు వండే గదుల్లో వచ్చే ఆవిరి సంగతేమిటి?

2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ పాత బోయినపల్లిలో తెలంగాణ మాదకద్రవ్య నిరోధక పోలీసు విభాగం ఈగల్ ఒక భవనం మీద దాడి చేసింది. లోపల అల్ప్రాజోలం తయారవుతోంది. కల్లులో కలపడానికి దుకాణాలకు వెళ్లే సరుకది. తయారైనది మూడు కిలోలకు పైనే దొరికింది, సగం తయారైనది అంతకంటే ఎక్కువ. రియాక్టర్లు, డ్రయ్యర్లు దొరికాయి. ఆ భవనంలోనే బడి కూడా నడుస్తోంది. పిల్లలు రోజూ సంచులు భుజాన వేసుకుని ఆ భవనానికే వచ్చి వెళ్లారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీ తక్కెడ ఆ రోజు తన పని తాను చేసింది. సరుకు తూచారు, మనుషుల్ని పట్టుకున్నారు, సామాను స్వాధీనం చేసుకున్నారు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ తర్వాతి సంగతే నేను నీ సెక్షన్లలో వెతికాను. నేరగాడు సంపాదించిన ఆస్తిని జప్తు చేయడానికి నీలో ఒక అధ్యాయమే ఉంది. తెలిసి చోటిచ్చిన యజమానికి 25వ సెక్షన్ ఉంది. కానీ ఆ గోడలు, ఆ నేల, ఆ తూము ఎవరు కడగాలి, ఎవరి ఖర్చుతో కడగాలి, కడిగాక ఎవరు పరీక్షించి సరే అనాలి? అక్కడ నీ నోట మాట లేదు.

ఇలాంటి చోట రసాయనాలు రియాక్టరులోనే కూర్చోవు. ద్రావకాల ఆవిరి సున్నంలోకి, చెక్క తలుపుల్లోకి, పరుపుల్లోకి ఇంకుతుంది. వాడి పారబోసినది మోరీలోకో సెప్టిక్ ట్యాంకులోకో పోతుంది. నేల మీద పాకి, ఆ చేతులే నోట్లో పెట్టుకునే పసివాళ్లకు అందరికంటే ఎక్కువ ముప్పు. అద్దె ఇల్లయితే కేసు నడుస్తుండగానే రెండు పూతల సున్నం పడుతుంది, గేటుకు టులెట్ బోర్డు వేలాడుతుంది. సున్నం మరకను కప్పుతుంది కానీ విషాన్ని తీయదు.

ఇది తీరని సమస్యేమీ కాదు. అమెరికా పర్యావరణ సంస్థ 2009లో మెథాంఫెటమిన్ (మెథ్) వండిన ఇళ్ల శుద్ధికి మార్గదర్శకాలు ఇచ్చింది. అవి స్వచ్ఛందమే అయినా చాలా రాష్ట్రాలు సొంత ప్రమాణాలు పెట్టుకున్నాయి. కాలిఫోర్నియాలో అరచేయంత చోట, అంటే 100 చదరపు సెంటీమీటర్లలో, ఒకటిన్నర మైక్రోగ్రాముకు మించి మెథ్ మిగలకూడదు. న్యూజిలాండ్ కథ వేరు. లాబ్‌ల కోసం పెట్టిన అర మైక్రోగ్రాము గీతను, ఎవరో మెథ్ పొగ తాగిన ఇళ్లకు కూడా వర్తింపజేశారు. 2013 నుంచి 2018 దాకా సుమారు 800 ప్రభుత్వ అద్దె ఇళ్లను పేదల చేత ఖాళీ చేయించారు. 2018లో ప్రధాని శాస్త్ర సలహాదారు పీటర్ గ్లక్‌మన్ ఆ గీత 15 మైక్రోగ్రాముల దగ్గర ఉంటే చాలని తేల్చాక గృహసంస్థ క్షమాపణ చెప్పి పరిహారం ఇచ్చింది. కాబట్టి తల్లీ, పరాయి అంకెను తెచ్చి అతికించుకోమని నేను అడగను. మన వేడికి, మన గోడలకు, మన దగ్గర వండుతున్న మందులకు తగిన అంకెను మన శాస్త్రవేత్తలే తేల్చాలి. ఆ అంకె పేరు చెప్పి అద్దెకున్నవాణ్ణి వీధిపాలు చేయకూడదు.

నీ తోబుట్టువులూ గొప్పవాళ్లే. కలుషిత స్థలాల నియమాలు 2025 జూలైలో వచ్చాయి. పాడుచేసినవాడే ఖర్చు భరించాలని అవి చెబుతున్నాయి. వాటి ధ్యాసంతా వ్యర్థాలు పోగుపడ్డ నేల మీద, భూగర్భజలం మీద. మూడో అంతస్తులోని పడకగది వాటి చూపుకు ఆనదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమైతే తనకు తెలిసిన దాగిన లోపాన్ని అమ్మేవాడు, అద్దెకిచ్చేవాడు చెప్పి తీరాలంటుంది. ఆ లోపం ఉందో లేదో తేల్చే పరీక్షే లేనప్పుడు వాళ్లు ఏం చెబుతారు, మనం ఏమని అడుగుతాం?

తల్లీ, నీ తక్కెడకు ఒక్క పళ్లెం చాలదు. రెండో పళ్లెంలో ఆ ఇంటిని పెట్టు. సోదా పంచనామాలో సరుకు బరువు రాసే అధికారి, ఆ గది సంగతి కాలుష్య నియంత్రణ మండలికి అదే రోజు తెలపాలని రాయి. శుద్ధి ఖర్చు ముద్దాయి జప్తు ఆస్తిలోంచే రావాలని రాయి. పరీక్షించి సంతకం చేసిన కాగితం లేకుండా ఆ తలుపు తాళం ఎవరి చేతికీ ఇవ్వకూడదని రాయి. నీ సవరణలు పార్లమెంటులోనే జరగాలి. అక్కడ మా తరఫున కూర్చున్నవాళ్లకు ఈ మాట చేరేదాకా మేము అడుగుతూనే ఉంటాం.