ఆరాధనతో మొదలుపెట్టకండి: సంగీతం అయివార్ల సంఘానికి కొన్ని తలకిందుల సలహాలు

హొసూరు, కృష్ణగిరి పక్క పాట చెప్పుకుని బతికేవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకోవాలనుకుంటున్నారా? పెట్టుకోండి, ఎప్పుడో పెట్టుకోవలసింది. అయితే నలుగురు అయివార్లు ఒకచోట కూర్చోగానే వచ్చే మొదటి మాట ఏమిటో నాకు తెలుసు: "ఈ పుష్యమాసంలో త్యాగరాజ ఆరాధన చేద్దాం." చేయకండి. మొదటి రెండేళ్ళు ఆ ఊసే ఎత్తకండి. ఇక్కడ నేను చెప్పబోయేవి చాలావరకు ఇలాగే తలకిందులుగా కనిపిస్తాయి. పెద్దలకు కోపం కూడా రావచ్చు. అయినా ప్రతి మాటా మనసారా చెబుతున్నదే.

కొత్త సంఘం చేతిలో ఉండే నాలుగు రూపాయలూ ఆరాధన పేరిట షామియానాకూ మైకుసెట్టుకూ భోజనాలకూ పోతాయి. అది చిన్న నష్టం. పంచరత్న కీర్తనలకు ముందు వరుసలో ఎవరు కూర్చోవాలి, ఆహ్వానపత్రికలో ఎవరి పేరు ఎవరి కింద పడింది అనే తగవు పెద్ద నష్టం. తిరువయ్యారులోనే ఇది జరిగింది. అక్కడ త్యాగయ్య సిద్ధి పొందింది 1847లో. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఆరాధన నడిపేవాళ్ళు పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు జట్లయి ఎవరి ఉత్సవం వాళ్ళు చేసుకున్నారు. ఆడవాళ్ళకు రెండు చోట్లా పాడే హక్కు లేదు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ అప్పుడు ఏం చేశారో చూడండి. పాడుబడిన సమాధి ఉన్న నేలను సంపాదించి, తన సొంత డబ్బుతో 1920లలో అక్కడ గుడి కట్టించారు. ఆ తరువాత ఆడవాళ్ళను కూడగట్టి, మగవాళ్ళు చోటివ్వకపోతే గుడి వెనక పాడించారు. 1940 ప్రాంతంలో జట్లన్నీ ఒకటై, ఆడవాళ్ళకూ పాడే చోటు దొరికింది. ఆమె అక్కడితో ఆగలేదు. తన ఆస్తిని ట్రస్టుకు రాస్తూ ఆడవాళ్ళ హక్కును అందులో షరతుగా పెట్టారు. నేల, కప్పు, కాగితం, ఆ మీదటే కచేరీ: మన సంఘాలు ఈ వరుసను తిరగేసి నడుస్తున్నాయి.

పేరు విషయం త్వరగా తేల్చేద్దాం. తెలుగు, తమిళం, కన్నడం అనే మాటలు సంఘం పేరులో వద్దు. జిల్లా పేరు కూడా వద్దు. హొసూరు 1965 దాకా సేలం జిల్లాలో ఉంది, ఆపైన ధర్మపురిలో, 2004 నుంచి కృష్ణగిరిలో. జిల్లాలు మారతాయి, ఊళ్ళు ఉంటాయి. రెండు ఊళ్ళ పేర్లూ కలిపి పెట్టుకోండి.

అధ్యక్షపదవిలో మీలో అందరికన్నా పెద్ద విద్వాంసుణ్ణి కూర్చోబెట్టకండి. ఆయన కచేరీలకు తిరుగుతుంటారు, సమావేశాలకు కుదరదు. కుదిరి వస్తే ఆయన ఎదుట మిగతావాళ్ళు నోరు విప్పరు. గురువు ముందు ఎదురు మాట్లాడని వినయం మన పాఠానికి ప్రాణం. కాని జమాఖర్చులు అడగవలసిన చోట ఆ వినయమే సంఘాన్ని ముంచుతుంది. సిప్‌కాట్ పారిశ్రామికవాడ పక్కన ఏదో కాలనీలో, ఇంటి ముందుగదిలో చాప పరిచి పిల్లలకు సరళీ వరుసలు చెప్పుకునే ఆవిడ ఉంటుంది చూడండి, ఆవిడను అధ్యక్షురాలిని చేయండి. ఫీజు పదో తేదీ దాటితే ఇంట్లో ఏమవుతుందో ఆవిడకు తెలుసు. పెద్దాయనను గౌరవించే దారి వేరే ఉంది. మూడు నెలలకొకసారి ఆయన ఎదుట మీరంతా శిష్యులుగా కూర్చుని ఒక కీర్తన పాఠం చేసుకోండి, దక్షిణ ఇవ్వండి. శాలువా కన్నా ఆయనకు అదే ఇష్టం. తమిళనాడు సంఘాల నమోదు చట్టం 1975లో వచ్చింది. ఏడుగురుంటే నమోదుకు చాలు. కార్యవర్గం పదవీకాలం మూడేళ్ళకు మించకూడదు. మీరు రెండేళ్ళకే మార్చుకోండి. కోశాధికారిని ఏడాదికే మార్చండి, లెక్క రాయడం అందరికీ వస్తుంది.

సమావేశం ఆదివారం పెట్టకండి. మన పనికి ఆదివారమే పెద్ద పనిదినం, సాయంత్రాలన్నీ పాఠాలే. బుధవారమో గురువారమో పొద్దున పదకొండుకు పెట్టుకోండి. హొసూరులోనూ కాదు, కృష్ణగిరిలోనూ కాదు, శూలగిరిలో పెట్టండి. రెండు ఊళ్ళ నడుమ యాభై కిలోమీటర్ల దారికి అది దాదాపు మధ్య. కృష్ణగిరికి రైలు లేదు, అందరూ బస్సులోనే రావాలి. ఊరు పెద్దదని హొసూరులోనే పెడుతూపోతే ఏడాది తిరిగేసరికి కృష్ణగిరివాళ్ళు చందా మటుకు కడతారు, మనుషులు రారు. వార్షిక సభ ఆడినెలలో పెట్టండి. పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి నాదస్వరం, డోలు వాళ్ళు తీరికగా ఉంటారు.

ఆ మాట ఎందుకన్నానంటే, వాళ్ళు సంఘంలో ఉండాలి. "శుద్ధ శాస్త్రీయ సంగీతం చెప్పేవాళ్ళకే సభ్యత్వం" అని నియమావళిలో రాసేవాళ్ళను చూసి నాకు బాధ కలుగుతుంది. హొసూరులో చంద్రచూడేశ్వరుడి కొండ కింద రథం కదిలేటప్పుడు వినబడే సంగీతం నాదస్వరానిదే. తమ్ముడికో కొడుక్కో ఆ విద్య చెప్పే మనిషి సంగీతం అయివారు కాకపోతే మరెవరు? తమిళనాడు ప్రభుత్వం జిల్లాల్లో నడిపే ఇసైపళ్ళిల్లో, అంటే సంగీత పాఠశాలల్లో, గాత్రంతో పాటు నాదస్వరమూ తవిలూ పాఠాలుగా ఉన్నాయి. ప్రభుత్వం పాటించిన సమానత్వం మన సంఘానికి బరువు కాకూడదు. కీబోర్డు చెప్పేవాళ్ళను, గిటారు చెప్పేవాళ్ళను, చర్చిలో పిల్లలకు పాట నేర్పేవాళ్ళను కూడా చేర్చుకోండి. హొసూరు ఫ్యాక్టరీల ఊరు. ఇక్కడ చాలా ఇళ్ళలో పిల్లలు మొదట ముట్టుకునేది కీబోర్డే. ఆ అయివారికీ మీకూ పాటలో పోలిక లేకపోవచ్చు. బాడుగ, గొంతునొప్పి, మే నెల సెలవులు అందరికీ ఒక్కటే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. సంఘం పెట్టిన మొదటి నెలలోనే "బదులు పాఠం" ఏర్పాటు చేసుకోండి. సంగీతం చెప్పే మనిషికి ఆస్తి గొంతు. జలుబు ముదిరి గొంతు పోయినా, స్వరతంతువుల మీద కణుపులు లేచి డాక్టరు నెలరోజులు మాట్లాడవద్దన్నా ఆ నెల సంపాదన పోయినట్టే. పురుడు వచ్చినప్పుడూ అంతే. మృదంగం అయివారి వేలు వాచినా, వయొలిన్ వాయించే చేతికి భుజం పట్టేసినా అంతే. పైగా నెల ఆగిన పిల్లలు తిరిగి రారు, వేరే చోట చేరిపోతారు. జబ్బుపడ్డవాళ్ళు ఈ భయానికే నోరు మూసుకుని ఉండవలసిన రోజుల్లో పాడి పాడి గొంతును శాశ్వతంగా పాడుచేసుకుంటారు. అలాంటప్పుడు దగ్గర్లో ఉన్న ఇంకో సభ్యురాలు వెళ్ళి ఆ పాఠాలు నడపాలి. ఫీజు మాత్రం పూర్తిగా జబ్బుపడ్డ అయివారికే చేరాలి. వెళ్ళినవాళ్ళకు బస్సు చార్జీ సంఘం ఇవ్వాలి. మీ చందా డబ్బుకు ఇంతకన్నా మంచి ఖర్చు లేదు.

దీనికి ఒక కట్టుబాటు తప్పదు. బదులు వెళ్ళినవాళ్ళు కొత్త కీర్తన మొదలుపెట్టకూడదు, పాత కీర్తనలో సంగతి మార్చకూడదు. ఒక్కో గురువుది ఒక్కో పాఠాంతరం. "మీ మేడమ్ ఇలా చెప్పిందా? ఇది తప్పు" అనే ఒక్క మాట పిల్ల చెవిన పడితే బదులు పాఠం మీద నమ్మకం అక్కడితో చచ్చిపోతుంది. వరుసలు, అలంకారాలు, వచ్చిన వర్ణం రెండు కాలాల్లో పాడించడం, అంతే. నిజానికి ఆ నెల పిల్లలకూ మేలే. కొత్త పాట మీద ఆత్రం ఆగి, పాత పాట గట్టిపడుతుంది.

ఫీజు అందరికీ ఒకటే ఉండాలని తీర్మానం చేయకండి. హొసూరు అపార్టుమెంట్లలో ఇచ్చే ఫీజు డెంకణికోటలో ఇవ్వలేరు, ఇమ్మని అడగనూ కూడదు. అంకె మీద పంతం పట్టిన సంఘం నిలబడదు. సెలవుల నియమం ఒకటి చేసుకోండి. పిల్ల రాకపోయినా నెల ఫీజు నెలకు ఇవ్వాలి, అయివారు రాకపోతే ఆ పాఠం తిరిగి చెప్పాలి, మే నెలకు సగం ఫీజు. ఇది అచ్చువేసి అందరూ ఒకే కాగితం చూపిస్తే తల్లిదండ్రులు ఎవరితోనూ బేరం పెట్టరు. ఒంటరిగా ఒక్క అయివారు అడిగితే అత్యాశగా కనబడేది, అందరూ అడిగితే మర్యాదగా సాగిపోతుంది.

శిష్యుల విషయంలో ఒక పాత నియమాన్ని చింపేయండి: "ఒకరి శిష్యుణ్ణి వారి అనుమతి లేకుండా ఇంకొకరు చేర్చుకోరాదు." పిల్లలు ఇల్లు మారతారు, బడి మారతారు, కొందరు బెంగళూరు గురువు దగ్గరికి ఫోనులోనే వెళ్ళిపోతారు. పట్టి ఉంచగలిగిన గురువు ఎవరూ లేరు. పాత బాకీ తీర్చడం, పాత అయివారు ఒక పేజీ రాసి ఇవ్వడం, ఈ రెండూ చాలు. ఎన్ని వర్ణాలు అయ్యాయి, ఏ రాగాలు, శ్రుతి ఎంత, తాళంలో ఎక్కడ తొందరపడుతుంది అన్నవి ఆ పేజీలో ఉండాలి. ఆ కాగితం పిల్లకు ఆరు నెలలు మిగులుస్తుంది.

సాహిత్యం దగ్గరికి వద్దాం. ఇక్కడ తెలుగువాళ్ళకు నేను చెప్పేది చేదుగా ఉంటుంది. మన తావులో పిల్లలు కీర్తనను ఎక్కువగా తమిళ లిపిలో రాసుకుంటారు. తెలుగు ఇళ్ళ పిల్లలూ అంతే, మాట తెలుగు, రాత తమిళం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అచ్చు పుస్తకాల్లో దాని పక్కన 2, 3, 4 అంకెలు వేసి తేడా చూపిస్తారు. పిల్లలు నోటుబుక్కులోకి ఎక్కించుకునేటప్పుడు ఆ అంకెలు జారిపోతాయి. ఏడాది తరువాత ఆ పుస్తకం చూసి పాడితే "బాధ" "పాద" అవుతుంది. ఇది చూసి తెలుగు అయివార్లు "ఉచ్చారణ తరగతి మేం చెబుతాం" అని ముందుకొస్తారు. ఒప్పుకోకండి. ఆ తరగతిని తమిళం ఇంటిభాషగా ఉండి, కష్టపడి తెలుగు అక్షరాలు దిద్దుకున్న అయివారికి అప్పగించండి. మనం ఇంట్లో మాట్లాడే హొసూరు తెలుగులో ఒత్తులు ఎక్కడున్నాయి? భయాన్ని మనం "బయం" అనే అంటాం. వచ్చునన్న ధీమాతో తప్పు వినబడదు. నేర్చుకుని సంపాదించుకున్న మనిషికి నాలుక ఎక్కడ జారుతుందో ఒక్కో అక్షరం తెలుసు. దానికి బదులుగా తెలుగు అయివారు గోపాలకృష్ణ భారతి పాటలో, పాపనాశం శివన్ పాటలో తమిళ ళకారాల తేడాను పట్టుదలగా నేర్చుకుని తెలుగు పిల్లలకు చెప్పాలి. పురందరదాసు గీతాలకు కన్నడం ఇంటిభాష కాని అయివారు కావాలి.

1940లలో తమిళ ఇసై ఉద్యమం వచ్చింది. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. తమ భాషలో పాట వినాలన్న ఆ కోరిక న్యాయమైనదే. ఆ వాదాన్ని ఇప్పుడు శూలగిరి సమావేశంలో మళ్ళీ ఎత్తవలసిన పని లేదు. పిల్లలంతా మొదట నేర్చుకునే గీతాలు కన్నడిగుడివి. మోహనరాగంలో అందరూ పాడే తెలుగు వర్ణం కట్టిన రామనాథపురం శ్రీనివాస అయ్యంగారు తమిళులు. జీవితమంతా తెలుగులో, సంస్కృతంలో కృతులు కట్టిన వాసుదేవాచార్యులు మైసూరువారు. మూడు భాషలూ ఇళ్ళల్లో వినబడే మన సరిహద్దు ఊళ్ళకు ఈ విషయం ఎవరూ నేర్పక్కర్లేదు. నియమావళిలో ఒక్క వాక్యం రాసుకుంటే సరి: ఏ కార్యక్రమమైనా మూడు భాషల పాటా ఉండాలి.

ఇక పరీక్షలు. సంఘం తరఫున మన సొంత గ్రేడు పరీక్ష, సొంత సర్టిఫికెట్టు పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. డబ్బు కూడా వస్తుందంటారు. వద్దు. హొసూరు పిల్లలు ఇప్పటికే రెండు దారుల మధ్య నలుగుతున్నారు. కొందరు కర్ణాటక జూనియర్, సీనియర్, విద్వత్ పరీక్షలకు వెళతారు, కొందరు తమిళనాడు లోయర్, హయ్యర్ గ్రేడులకు. సిలబసు వేరు, ప్రశ్నలు వేరు, కాగితం మీద చెల్లుబాటు వేరు. రెండు సిలబసులనూ పక్కపక్కన పెట్టి, ఏ కీర్తన ఎందులో పనికొస్తుందో చూపే పట్టిక సంఘం చేసి పెడితే అయివార్లకు అంతకన్నా సాయం లేదు. మూడో కాగితంతో పిల్లకు ఒరిగేది ఏమీ లేదు.

సర్టిఫికెట్టు బదులు ఇది చేయండి. నెలకొకసారి ఒక అయివారి పిల్లలు ఇంకో అయివారి ఇంటికి వెళ్ళి రెండు పాటలు పాడి రావాలి. విన్న అయివారు పిల్ల నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయాలి. మొదటి వాక్యం బాగున్నదాని గురించి, రెండోది వచ్చే నెలకు సరిచేసుకోవలసినదాని గురించి. మార్కులు వేయకూడదు. పాఠాంతరం గురించి ఒక్క మాట రాయకూడదు. కింద సంతకం, తేదీ పెట్టాలి. రెండో వాక్యం చదివి పిల్ల అసలు గురువుకు కోపం వస్తే, ఆ కోపాన్ని ఫోనులో తీర్చుకోకుండా వచ్చే బుధవారం పదకొండు గంటలకు శూలగిరికి తీసుకురావాలి.