‘కొంచెం చూడగలరు’: ఒక టికెట్టుకు టీకా తాత్పర్యము

మూలము:

“పొద్దుటి నుంచి కొత్త యాప్ సర్వర్‌లో డేటాబేస్ కనెక్షన్ ఒక్కోసారి చాలా స్లోగా ఉంది. మా వైపు ఏమీ మార్చలేదు. కొంచెం చూడగలరు.”

అవతారిక: కర్త అప్లికేషన్ టీమువాడు. శ్రోత డీబీఏ. కాలము సోమవారము, టిఫిను వేళ. రసము కరుణమని కర్త యభిప్రాయము, రౌద్రమని మేనేజరు మతము. కొన్ని ప్రతులలో మొదట ‘అర్జెంట్’ అను పాఠము కలదు. అది ప్రతి టికెట్టునను కనబడుచున్నది గావున మంగళాచరణముగా గ్రహించి విడువవలెను.

ప్రతిపదార్థము: పొద్దుటి నుంచి = మేనేజరు ఫోను చేసిన క్షణము మొదలుకొని (రోగము శనివారము రాత్రి ట్రాఫిక్కును మళ్లించినప్పుడే పుట్టినది; ఆదివారము చూచినవాడు లేడు); కొత్త యాప్ సర్వర్‌లో = ఈ మాటను కర్త అలవోకగా జారవిడిచెను, రహస్యమంతయు నిందే యున్నది; డేటాబేస్ = ఎదుటివారి సొత్తయినది; కనెక్షన్ = దీనిని గూర్చి టీకలో; చాలా = కొలవలేదనుట; మా వైపు ఏమీ మార్చలేదు = మార్చినది తప్ప మఱేమియు మార్చలేదు (సర్వరు కొత్తదని పై వాక్యమున తానే చెప్పి యుండుట గమనింపదగును); కొంచెం = పూర్తిగా; చూడగలరు = బాగుచేయుడు, భోజనమునకు లేవకముందే.

టీక: ఇచట ఇండెక్సువాదులు పూర్వపక్షము చేయుదురు. “స్లో యనగా క్వెరీ స్లో. ఇండెక్సు వేయుడు, తీరును” అని. ఇది చెల్లదు. మూలమున క్వెరీ యను పదమే లేదు. ప్రత్యక్ష ప్రమాణము కూడ కలదు: ఆ యాప్ సర్వరుననే కూర్చుండి మైఎస్‌క్యూఎల్ క్లయింటుతో ‘సెలెక్ట్ 1’ అడుగగా, లోనికి పోవుటకు 10 సెకన్లు పట్టినది, జవాబు మాత్రము రెప్పపాటున వచ్చినది. ‘సెలెక్ట్ 1’కు ఏ కాలమ్ మీద ఇండెక్సు వేయుదురో వారే సెలవియ్యవలెను.

పిమ్మట నెట్‌వర్కును నిందించువారు లేతురు. పింగు చేసినచో మిల్లీసెకను లోపలనే ప్రత్యుత్తరము. 3306 పోర్టునకు టెల్‌నెట్ చేసినచో ‘కనెక్టెడ్’ అని తత్‌క్షణమే పడును. ఆ మీద మౌనము. పది సెకన్లకు సర్వరు తన వెర్షను సంఖ్యతో పలుకును. మైఎస్‌క్యూఎల్ ప్రోటోకాలున మొదట పలుకవలసినది సర్వరే, క్లయింటు కాదు. కావున ఆ మౌనము సర్వరుది, దారి నిర్దోషి. ఆ సమయమున ‘షో ప్రాసెస్‌లిస్ట్’ అని చూచినచో ‘అన్‌అథెంటికేటెడ్ యూజర్’ అను నామధేయముతో నొకడు నిలుచుండి యుండును. వాడే మన కర్త పంపిన దూత.

మఱి సర్వరు లోపల నేమి చేయుచున్నది? వచ్చినవాని ఐపీ అడ్రసు మాత్రమే దానికి తెలియును. అనుమతులను హోస్టు పేరు మీదను ఇచ్చి యుండవచ్చును గావున పేరు కావలెను. ఇది ఊరి పెద్దాయన పద్ధతి: గుమ్మములో నిలిచినవానినే ‘ఎవరబ్బాయివి’ అని యడుగక, వాకబు చేసి రమ్మని పాలేరును ఊరిలోనికి పంపి, అంతవఱకు వానిని ఎండలో నిలబెట్టును. ఆ పాలేరు పోవునది డీఎన్ఎస్ వద్దకు. ఐపీనుండి పేరు వెదకు ఈ విలోమ ప్రశ్నకు పాత సబ్‌నెట్టులకు జవాబులున్నవి. కొత్త సర్వరు కొత్త సబ్‌నెట్టున వెలసినది. దానికి రివర్స్ జోను ఎవరును వ్రాయలేదు. తనకు తెలియని ప్రశ్నను డీఎన్ఎస్ బయటకు పంపినది. ఫైర్‌వాల్ దానిని మ్రింగి ఊరకుండినది. ‘లేదు’ అని త్రోసిపుచ్చినను పని క్షణములో ముగిసెడిది. మౌనమున కట్లు కాదు, గడువు తీరువఱకు వేచియుండవలసినదే. లినక్సున ఆ గడువు ఒక ప్రయత్నమునకు 5 సెకన్లు, ప్రయత్నములు 2. మనకు దొరికిన 10 ఇదియే.

“ఒకసారి తెలిసికొన్నది గుర్తుంచుకొనదా?” అని శంక. గుర్తుంచుకొనును, హోస్ట్ క్యాష్ అను పేటిక దానికే యున్నది. కాని పేరు లేదని తేలినచో దాచును. సమాధానమే రానిచో తాత్కాలిక దోషమని యెంచి దాచదు. అందుచే ప్రతి కనెక్షనుకును మొదటినుండి అదే తంతు. చాల తెలివిగల యేర్పాటు. అందుకే ఇంత బాధ.

ఇక ‘ఒక్కోసారి’ యను పదము సార్థకము. జావా అప్లికేషనులు కనెక్షన్ పూలు నుండి తోడుకొనును. పూలులో సిద్ధముగా నున్న కనెక్షను చిక్కినవాడు హాయిగా పోవును. రద్దీ పెరిగి కొత్తది తెఱువవలసి వచ్చిననాడే ఆ పది సెకన్ల దర్శనము. పూలు లేక ప్రతి పేజీకి కొత్త కనెక్షను తెఱచు పీహెచ్‌పీ వారికి ‘ఒక్కోసారి’ యనుట కవకాశమే లేదు. పోస్ట్‌గ్రెస్ శాఖవారు ‘లాగ్ హోస్ట్‌నేమ్’ సెట్టింగు డీఫాల్టున ఆఫ్‌లో నుండుటయు, అనుమతులను సామాన్యముగా ఐపీ మీదనే వ్రాయుటయు కారణముగా ఈ వ్యాధి నెఱుగమని గర్వింతురు. కనెక్షనుకొక ప్రాసెస్ పుట్టించు వారి బాధ వారికున్నది.

విశేషము: ఆలస్యపు సంఖ్యను విన్నవెంటనే నమ్మరాదు, కొలిచి చూడవలెను. కొలత కొలతకును మారుచున్నచో లోపల ఎవరో నిజముగా శ్రమించుచున్నారు. ప్రతిమారును ఒకే నికరమైన అంకె వచ్చినచో ఎవరును ఏమియు చేయుటలేదు, ఎవనికొఱకో వేచియున్నారు. 5గాని 10గాని యైనచో మొదట డీఎన్ఎస్‌ను అనుమానింపుము. 1, 3, 7 సెకన్లయినచో మొదటి సిన్ ప్యాకెట్టు పోయి, టీసీపీ దానిని మరల మరల పంపుచున్నదని యర్థము. సరిగా 30 సెకన్లకు ఎర్రరు పడినచో జావావారి హికారీ పూలులో వంతుకొఱకు నిలిచినవాడు విసిగి వెడలెను. ఆ పూలు డీఫాల్టుగా పదింటినే పట్టును. డీఫాల్టు విలువలను మార్చువారు అరుదు గావున ఈ శాస్త్రము చాల చోట్ల ఫలించును. మానిటరింగు వారి సగటు గ్రాఫున మాత్రమిది కానరాదు. పూలునుండి చిక్కిన వందల కనెక్షనుల నడుమ రెండు మూడు పది సెకన్ల నిరీక్షణలు కరగిపోవును.

తాత్పర్యము: ఓ డీబీఏ, మేము కొత్త సర్వరు పెట్టితిమి. దాని పేరు డీఎన్ఎస్‌లో వ్రాయించలేదు. నీ సర్వరు దాని పేరు విచారించుచు పది సెకన్లు నిలిచిపోవుచున్నది. తప్పు నీదిగా తోచుచున్నది.

పరిష్కారము: నెట్‌వర్కు టీముచే రివర్స్ జోను వ్రాయించుట ఉత్తమము. వారి టికెట్టు తెమలువఱకు డేటాబేస్ మెషీనులోని హోస్ట్స్ ఫైలులో ఒక పంక్తి చేర్చుట మధ్యమము. మన డీబీఏ మూడవది యెన్నుకొనెను: కాన్ఫిగ్ ఫైలున ‘స్కిప్ నేమ్ రిజాల్వ్’ అని వ్రాసి, అర్ధరాత్రి సర్వరును రీస్టార్టు చేసెను. పేర్ల విచారణయే నిలిచినది. కనెక్షను రెప్పపాటున కలిసినది. హోస్టు పేరు మీద ఇచ్చిన అనుమతులన్నియు అదే రెప్పపాటున చెల్లకపోయినవి.

మంగళవారపు మూలము:

“రాత్రి నుంచి రిపోర్ట్స్ సర్వర్ అసలు కనెక్టే అవడం లేదు, యాక్సెస్ డినైడ్ అంటోంది. మా వైపు ఏమీ మార్చలేదు. కొంచెం చూడగలరు.”

ఈసారి రెండవ వాక్యము నిజము.