మూతులు వాసన చూడండి

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. జన్యుశాస్త్రం ప్రకారం అది శుద్ధ తప్పు. అయినా ఆ సామెత చెప్పినవాడు తొండకి వంశవృక్షం రాసిచ్చి ఎవరి దగ్గరా వందల డాలర్లు గుంజలేదు. ఆ ఘనత అమెరికాలో, యూరప్‌లో పాంథర్ ఊసరవెల్లుల్ని పెంచి అమ్మే 'శుద్ధ వంశం' వ్యాపారులకే దక్కింది.

ఈ పాంథర్ సొంతూరు మడగాస్కర్. ఉత్తరాన, తూర్పున తీరం పొడుగునా ఉంటుంది. పుస్తకాల్లో జాతి ఒకటే, ఫర్సిఫర్ పార్డాలిస్. కానీ ఊరు మారితే మగవాటి రంగు మారిపోతుంది. నోసీ బే దీవిలో నీలం కలిసిన పచ్చ. అంబిలోబె దగ్గర ఒంటినిండా ఎర్రటివో నీలివో పట్టీలు. అంకరామీ వైపు ఏకంగా గులాబీ. ఇంకేం, ఊరి పేరే గోత్రమైపోయింది. అంబిలోబె గోత్రంలో మళ్ళీ శాఖలు: రెడ్ బార్, బ్లూ బార్, ఒళ్ళు పసుపై పట్టీలు నీలమైతే 'వైబీబీబీ'. తూర్పు తీరంలోని తోమసినా రేవుకి ఫ్రెంచివాళ్ళు పెట్టిన తమతావ్ అన్న పేరు దేశం మార్చుకుంది గానీ ఈ సంతలో ఇప్పటికీ అదే చెల్లుతోంది. మనం సగోత్రీకులకి పెళ్ళి కుదరదంటాం, వీళ్ళు సగోత్రమైతేనే కుదురుస్తారు. తేడా అంతే. తక్కినదంతా మన పెళ్ళిసంబంధాల ప్రకటనే.

ఆ ప్రకటన ఎలా ఉంటుందంటారా? 'నిఖార్సైన అంబిలోబె, బ్లూ బార్, పేరున్న వంశం, కల్తీ లేని రక్తం.' కింద ఫొటో. అందులో నెమలిని తలదన్నే మగ ఊసరవెల్లి, కొమ్మని కరుచుకుని కోపంగా చూస్తూ ఉంటుంది. అమ్మేది దాన్ని కాదు. అది తండ్రి. ఒక్కోసారి తాత. అమ్మకానికున్న పిల్ల వేలెడంత ఉండి ఎండుటాకు రంగులో ఉంటుంది. దాని అసలు రంగు తేలాలంటే నెలల తరబడి పురుగులు మేపాలి. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న మాటకి ఇంతకన్నా చక్కటి బొమ్మ ఎవరూ వేయలేరు.

పోనీ తాతగారి ఫొటో అయినా నిఖార్సైనదా? ఊసరవెల్లి ఎలా రంగులు మారుస్తుందో 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు విడమరిచి చెప్పారు. దాని చర్మంలో గ్వానిన్ స్ఫటికాలు వరుసలు తీరి ఉంటాయి. జంతువు రెచ్చిపోతే వాటి మధ్య ఎడం పెరుగుతుంది, పచ్చగా ఉన్న ఒళ్ళు పసుపుకీ నారింజకీ తిరుగుతుంది. ఎదురుగా ఇంకో మగదాన్ని చూపించి కెమెరా నొక్కితే చాలు. కొన్నవాడి ఇంట్లో అది ప్రశాంతంగా కూర్చుంటే పాపం వాడికి మోసపోయినట్టుంటుంది. ప్రశాంతంగా ఉన్నందుకు జంతువుని తప్పుపట్టే గిరాకీ ఇక్కడే దొరుకుతాడు.

ఇక తల్లి. ఏ ఊరి ఆడదైనా ఇంచుమించు ఒకే తీరు: గోధుమ, లేత గులాబీ, కాస్త నారింజ. చూసి ఊరు చెప్పడం తలపండిన పెంపకందారుకీ చేతకాదు. కాబట్టి తల్లి గోత్రమంటే దాన్ని అమ్మినవాడి మాట. వాడికి అమ్మినవాడి మాట. అలా వెనక్కి పోతే చివరికి తేలేది ఎగుమతి కాగితం. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందమైన సైటిస్ కింద ఇచ్చే అనుమతి పత్రంలో జాతి పేరుంటుంది, దేశం పేరుంటుంది, అడవిలో పట్టిందో పెంపకంలో పుట్టిందో ఉంటుంది. ఏ ఊరి చెట్టు మీద పట్టారో మాత్రం రాయక్కర్లేదు. పైగా ఆడ పాంథర్ ఒకసారి జతకడితే వీర్యాన్ని దాచుకుని, మగదాని మొహం మళ్ళీ చూడకుండానే తర్వాతి ఈతల గుడ్లు కూడా పెట్టగలదు. అడవిలో కడుపుతో దొరికిన ఆడది విమానం దిగి గుడ్లు పెడితే, ఆ పిల్లల తండ్రి ఎవరో మడగాస్కర్ చెట్లకే తెలియాలి. ప్రకటనలో మాత్రం తండ్రి ఫొటో ఉంటుంది!

'ప్రాంతాల తేడా శాస్త్రం ఒప్పుకున్నదే కదా' అని దబాయిస్తారు. ఒప్పుకుంది, అందులో అనుమానం లేదు. అదే 2015లో అదే జెనీవా బృందం 324 పాంథర్ల నుంచి రక్తపు బొట్టు తీసి, ఫొటోలు పట్టి, అవి 11 వంశాలని, ఒక్కోదాని తావు వేరని తేల్చింది. వాటిని వేర్వేరు జాతులనే అనాలేమోనని కూడా అంది. అయితే అక్కడ ఊరు ముందు తెలుసు, రక్తం తర్వాత తీశారు. మన వ్యాపారి రక్తం జోలికి పోడు, ఊరి పేరు మాత్రం అరువు తెచ్చుకుంటాడు. ఆ తేడాలు నిజమైనవి కాబట్టే ఈ గోల. ఊళ్ళన్నీ ఒకటే అయితే ఎవడే పేరు పెట్టుకున్నా పోయేదేమీ లేదు. నిజంగా వేరైన వంశాల్ని కాగితం మీద కలిపేసి పైన 'శుద్ధం' అని ముద్ర వేస్తేనే కడుపు మండుతుంది. 'ఇది రెండూళ్ళ సంకరం' అని నిజం రాసుకున్న అమాయకుడిదేమో సంతలో తక్కువ సరుకు.

(మన బీడు భూముల్లో తిరిగే ఊసరవెల్లి అదృష్టవంతురాలు. 1972 నాటి వన్యప్రాణి చట్టం దాన్ని పట్టడం, అమ్మడం నేరమంది. లేకపోతే ఈపాటికి 'అసలుసిసలు రాయలసీమ, పల్నాటి రక్తం కలవలేదు' అన్న బోర్డు వెలిసేది.)

నాకు అన్నిటికన్నా నచ్చింది ధరల పట్టిక. జెనీవా వాళ్ళు వంశాల గుట్టు లాగడానికి వాడినవాటిలో ముఖ్యమైనది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. అది పిల్లలకి తల్లి నుంచే వస్తుంది. తండ్రికి, తాతకి, వాళ్ళ ఫొటోలకి అందులో చిల్లిగవ్వ వాటా లేదు. ఆ ఆడదాన్నేమో రంగు లేదని మగదానికన్నా చవగ్గా అమ్ముతున్నారు.