నేను ఇత్తడి సోలను

నాలుగు గిద్దలు కలిస్తే నేను. నేను రెండుసార్లు నిండితే తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. మా వంశవృక్షం ఇంతే. పుట్టింది గోదావరి జిల్లాల్లోని అజ్జరంలో. రాగి, తుత్తునాగం కరిగించి బిందెలు, గంగాళాలు, దీపపు సెమ్మెలు చేయడంలో పేరున్న ఊరది. అక్కడి పనివాళ్లు నా అంచు గుండ్రంగా తిప్పి, కింద మట్టు బిగించి, చింతపండుతో తోమి తళతళలాడించారు. ఒక పెళ్లికూతురి సారె సామానులో చేరి హైదరాబాదు వచ్చాను.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఉద్యోగాల మీద రాజధానికి చేరిన కుటుంబాల్లో మాదొకటి. అమీర్‌పేటలో అద్దె పెంకుటిల్లు, పెరట్లో జామచెట్టు, బావి. అదే ఏడాది దేశంలో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ పద్ధతి మొదలైంది. 1962 ఏప్రిల్ నాటికి అంగళ్లలో శేరు, వీశె, తులం రాళ్లు పోయి కిలోలు, గ్రాములు వచ్చేశాయి. బజారులో మా జాతికి పని తప్పింది. వంటింట్లోకి మాత్రం ఏ చట్టమూ రాలేదు. బియ్యం డబ్బాలో నా చోటు నాకు ఉండిపోయింది.

పొద్దున బియ్యం కొలవడం నా రోజువారీ పని. నేను ఎదురుచూసింది మాత్రం పండగ ముందు రోజుల కోసం. సున్నుండలకు వేయించిన మినుములు నాతోనే కొలిచేవారు, బెల్లం తురుమూ నాతోనే. గవ్వలకు మైదా, రవ్వ నాతోనే. అరిసెలకు రాత్రి నానబోసే బియ్యం నాతోనే. మా ఇల్లాలు పాకం చుక్కను నీళ్లలో వేసి చూసేది. వేళ్ల మధ్య ఉండ కడితే తడిపిండి పోసేది, జారిపోతే ఇంకో నిమిషం ఆగేది. పక్కవాటాలో ఉండే ఉర్దూ మాట్లాడే కుటుంబం నుంచి రంజానుకి ఖుబానీ కా మీఠా వచ్చేది. ఎండు ఆప్రికాట్లు రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, చక్కెరతో ఉడికించి, ఆ గింజలు పగలగొట్టి లోపలి పప్పు పైన చల్లేవారు. మా ఇంటి నుంచి ఉగాదికి బొబ్బట్లు వెళ్లేవి.

ఇక బిస్కెట్లు. అప్పట్లో మా వీధిలో ఎవరింట్లోనూ ఓవెన్ లేదు. వేసవి సెలవులు రాగానే మైదా, చక్కెర, నెయ్యి, యాలకులు సంచిలో పెట్టుకుని, పెద్ద రేకు డబ్బా పట్టుకుని పేట బేకరీకి వెళ్లేవాళ్లు. బేకరీ మాస్టరు పిండి కలిపి, అచ్చులతో కోసి, భట్టీలో కాల్చి ఇచ్చేవాడు. కూలి మాత్రమే తీసుకునేవాడు. సాయంత్రానికి డబ్బా నిండా వేడి బిస్కెట్లు, వీధి పొడుగునా నెయ్యి వాసన. డబ్బు చాలని ఏడు నెయ్యి బదులు డాల్డా వెళ్లేది. 1937లో మార్కెట్లోకి వచ్చిన ఆ వనస్పతి మధ్యతరగతి వంటింటిని చాలా ఏళ్లు ఏలింది.

ఏళ్లు గడిచాయి. స్టీలు గ్లాసులు, ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి, నేను అటకెక్కాను. పెంకుటిల్లు పోయి అపార్ట్‌మెంటు లేచింది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు నిండాయి, గల్లీ గల్లీకీ హాస్టళ్లు వెలిశాయి. 2017 నవంబరులో మెట్రో రైలు మొదలైంది. ఇల్లు మారినప్పుడల్లా నన్నూ మూటగట్టి తీసుకెళ్లారు, ఎందుకో ఎవరికీ గుర్తులేకపోయినా.

మా ఇల్లాలు కాలం చేశాక మనవరాలికి పాత పంచాంగంలో చీటీల కట్ట దొరికింది. అందులో ఒకటి బిస్కెట్లది. ఇంట్లో ఇంకా శేరు లెక్క నడిచిన రోజుల్లో రాసింది. ‘మైదా మూడు సోలలు, చక్కెర పావుశేరు, నెయ్యి పావుశేరు, ఉప్పు చిటికెడు, యాలకులు నాలుగు. బేకరీకి పంపాలి.’ అంతే. ఆ పిల్ల ఎంతో ఇష్టంగా మొదలుపెట్టింది. సోల అంటే కప్పు అనుకుంది, పావుశేరు అంటే పావుకిలో అనుకుంది. ఓవెన్‌లో బిస్కెట్లు కరిగి, ఒకదానికొకటి అంటుకుని, పళ్లెమంతా ఒకే అట్టు అయ్యాయి. అదే చీటీల కట్టలోని సున్నుండలు మాత్రం మొదటిసారే అచ్చం అమ్మమ్మ చేసినట్టు కుదిరాయి.

ఈ తేడాకు కారణం నాకు తెలుసు. సున్నుండల్లో మినుములూ బెల్లమూ రెండూ సోల లెక్కే. కొలిచే పాత్ర ఏదైనా రెండింటికీ ఒకటే అయితే చాలు, వాటి పాళ్లు చెదరవు. బిస్కెట్ల చీటీలో మైదా కొలతలో ఉంది, చక్కెర, నెయ్యి తూకంలో ఉన్నాయి. అలాంటప్పుడు సోల ఎంతదో తెలియకపోతే చీటీ మొత్తం పనికిరాదు. పైగా మా సోలలన్నీ ఒక్కలా ఉండవు, ఊరికో పరిమాణం. ఆ ఇంటి బిస్కెట్టుకు ఆ ఇంటి సోలే కావాలి. అంటే నేనే కావాలి.

అటక మీద నుంచి నన్ను దింపి, సంచిలో పెట్టుకుని ఆ పిల్ల మెట్రో ఎక్కింది. అమీర్‌పేట తర్వాత స్టేషనే పంజాగుట్ట. అక్కడ ద్వారకాపురి కాలనీలో అమ్మమ్మ చెల్లెలు ఉంటుంది. నన్ను చూడగానే ఆవిడ చేతిలోకి తీసుకుని, ‘ఇది అక్క సోలేనే!’ అంది.

‘చిన్నమ్మమ్మా, మూడు సోలలంటే ఇలా అంచుదాకా పోస్తే సరా?’

‘అలా కాదే పిచ్చిపిల్లా. ఉప్పు, పప్పు అంచుకి సమంగా తుడిచి కొలుస్తాం. పిండి అయితే గోపురం నిలవాలి.’ మైదా డబ్బాలో నన్ను ముంచి, పైన ఇంకో గుప్పెడు నిలిచేలా ఎత్తి చూపించింది. చీటీలో ఒక్క అక్షరంగానైనా లేని ముక్క అది. ఆవిడ చేతిలో ఇన్నేళ్లు భద్రంగా ఉంది.

ఇంటికొచ్చాక మనవరాలు వంటింటి త్రాసు ముందు పెట్టుకుంది. నాలో 290 గ్రాముల నీళ్లు పట్టాయి. గోపురంగా పోసిన మైదా 200 గ్రాములు తూగింది. తను వాడిన 240 మిల్లీలీటర్ల కప్పులో, అంచుకు సమంగా తుడిస్తే, 130 గ్రాములే పడుతోంది. అంటే 600 గ్రాములు పడాల్సిన చోట 390 పడింది. శేరుకు 80 తులాలు, తులం 11.66 గ్రాములు. ఆ లెక్కన పావుశేరు 233 గ్రాములు. పిండి తగ్గి, నెయ్యి చక్కెర పెరిగితే బిస్కెట్ కరిగిపోక ఏం చేస్తుంది!

కొలత సరిపోయాక బిస్కెట్లు ఆకారంలో నిలిచాయి. కానీ గుల్లదనం రాలేదు. ఆ మిగిలిన సగం రహస్యం చీటీ చివరి మాటలోనే ఉంది, ‘బేకరీకి పంపాలి’ అని. మనవరాలు అమీర్‌పేట పాత గల్లీల్లో వాకబు చేసి, పని మానేసి ఇంటి పట్టున ఉన్న ఒక బేకరీ మాస్టరును కలిసింది.

‘చాచా, మా ఇంటి పిండిలో మీరేం కలిపేవారు?’

‘పిండి మీది బేటా, చక్కర మీది. అమోనియా మాది’ అన్నాడాయన సంతోషంగా.

బేకరీల్లో అమోనియా అనేది అమోనియం బైకార్బొనేట్. వేడి తగలగానే అది అమోనియా వాయువు, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా విడిపోతుంది. పిండిని పొంగించి పూర్తిగా ఎగిరిపోతుంది, వెనక రుచి మిగలదు. పలచగా, పొడిగా కాలే బిస్కెట్లకే అది పనికొస్తుంది. తేమ నిలిచే కేకుల్లో వేస్తే ఘాటు వాసన లోపలే ఉండిపోతుంది. ఈ పొడి ఇంట్లో ఎవరి దగ్గరా ఉండేది కాదు, అందుకే ఏ ఇంటి చీటీలోనూ లేదు. ఒకే బిస్కెట్ వంట విధానం సగం వంటింట్లో, సగం భట్టీ దగ్గర ఉండిపోయింది. అడిగేవాళ్లు రాకపోతే రెండు సగాలూ విడివిడిగానే పోయేవి.

హైదరాబాదు బిస్కెట్ల ఊరు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరుతో ఉస్మానియా బిస్కెట్ చాయ్‌కి తోడై నిలిచింది. సింధు నుంచి వచ్చిన కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టిన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్ దేశాలు దాటింది. బందరు లడ్డూకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటిని కాపాడేందుకు అంగళ్లున్నాయి, సంఘాలున్నాయి, చట్టముంది. మీ అమ్మమ్మ చేసిన బిస్కెట్‌కు, మేనత్త చేసిన కాజాకు ఎవరున్నారు? ఆ ఇంటి పిల్లలు తప్ప ఇంకెవరూ లేరు.

మనవరాలు ఇప్పుడు కొత్త నోటుపుస్తకంలో ఇలా రాసింది: మైదా 600 గ్రాములు, పొడి చేసిన చక్కెర 233, నెయ్యి 233, పాలు 60, అమోనియా 5 గ్రాములు పాలలో కరిగించి, చిటికెడు ఉప్పు, నాలుగు యాలకులు. 170 డిగ్రీల వేడి, అంచులు ఎర్రబడేదాకా. నెయ్యి బదులు వెన్న వాడితే అందులో దాదాపు 16 శాతం నీరుంటుంది కాబట్టి పాలు తగ్గించాలని పక్కన రాసింది. డాల్డా గురించీ రాసింది. 2022 నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం మించకూడదు కాబట్టి, ఇప్పటి వనస్పతితో ఆనాటి కరకర రాదని. ఆ పేజీ ఫొటో డల్లాస్‌లో ఉన్న పిన్నికి పంపింది. అక్కడ సోల లేదు, భట్టీ లేదు. అయినా బిస్కెట్లు కుదిరాయి.

మీ ఇంట్లోనూ నాలాంటి సోలో, సొట్టపడ్డ గ్లాసో, పాత గిద్దో ఉండే ఉంటుంది. పారేయకండి. నీళ్లు నింపి తూకం వేయండి, ఆ అంకె కాగితం మీద రాయండి. పెద్దవాళ్లు పిండి ఎత్తుతున్నప్పుడు పక్కన నిలబడి ఆ చేతి తీరు చూడండి, అదే పిండిని త్రాసులో పోసి చూడండి. బయట ఎవరి చేత చేయించేవారో అడిగి, వాళ్లనూ వెతికి పట్టుకోండి. చీటీ ఎన్నేళ్లయినా ఉంటుంది, దాని అర్థం తెలిసినవాళ్లు ఉండరు. ఈ వారమే వెళ్లి అడగండి.